కాళ్లా గజ్జా కంకాళమ్మ: మా ఇంటి పాఠం

ఈ పాట గజ్జికి మందుల చీటీ అనే పాత సందేశం గుంపులో మళ్లీ వచ్చింది. పంక్తికో మూలిక దాగుందట. నేను ఒప్పుకోను. గజ్జ అంటే కాలికి కట్టే గజ్జే. పసి కాళ్లు ముందు చాపుకొని కూర్చుంటే, రోగం పేరెత్తి ఏ నానమ్మ ఆట మొదలుపెడుతుంది? పైగా, మందు ఉంటేనే పాటకు విలువ అన్నట్టు మాట్లాడితే మనసుకు కష్టంగా ఉంటుంది. మాది దేవరకొండ దిక్కు. మా అత్తమ్మ పాడిన తీరు ఇది:

కాళ్లా గజ్జా కంకాళమ్మ
వేగూ చుక్కా వెలగా మొగ్గ
మొగ్గా కాదు మోదుగ నీడ
నీడా కాదు నిమ్మల బాయి
బాయీ కాదు బసవన్న కోయి

ఆ తర్వాతి పంక్తులు ఊరికో తీరు. చివర మాత్రం "కాలు దీసి కడగా పెట్టు". ఆ మాట ఎవరి కాలి మీద పడితే వాళ్లు ఆ కాలు ముడవాలి.

ఒకసారి పైకి చదివి చూడండి. కా–కం, వే–వె, మొ–మో, నీ–ని, బా–బ. పంక్తి పంక్తికీ యతి ఉంది. మొగ్గతో ఆగిన పంక్తి తర్వాతది మొగ్గతోనే మొదలవుతుంది, నీడతో ఆగినది నీడతో. పద్యాల్లో దీన్నే ముక్తపదగ్రస్తం అంటారు. బడి మొహం చూడని మా అత్తమ్మ ఇదంతా వేలి చివరతో పిల్లల కాళ్ల మీద తాళం వేస్తూ నేర్పింది.

నేర్పిందనడానికి సాక్ష్యం మా చిన్నోడు. అప్పటికి వాడికి మాటలు పూర్తిగా తిరగలేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి అందరం అరుగు మీద కూర్చుంటే, నేనే పాడతానని పట్టుబట్టి ఇట్లా అందుకున్నాడు:

బాయీ కాదు బజ్జీ బండి
బండీ కాదు బత్తాయి తొన

వాడి అక్క ఊరుకోలేదు. "గట్ల లేదురా పాటల!" అని వాడి నోరు మూయబోయింది. వాడు ఏడుపు. అత్తమ్మ వాణ్ని ఒళ్లోకి లాక్కొని "నా బిడ్డ మంచిగనే కట్టిండు, ఉండనియ్" అన్నది. నిజంగానే మంచిగా కట్టాడు! యతి తప్పలేదు, గొలుసు తెగలేదు. బస్టాండు కాడ తినాలనిపించిన బజ్జీ, మా తోటలో కాసిన బత్తాయి, రెండూ పాటలో కుదురుకున్నాయి. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ రెండు పంక్తులు లేకుండా ఎవరూ పాడలేదు.

మా కూతురిది ఇంకో తీరు, అన్నీ ప్రశ్నలే. హోలీ ముందర చేను గట్టు మీద మోదుగును చూసొచ్చి, "నానమ్మా, దానికి ఆకే లేదు, మోదుగ నీడ యాడికెల్లి వస్తది?" అని నిలదీసింది. అత్తమ్మ తడుముకోలేదు. "మొగ్గలున్నప్పుడు నీడ ఉండదు, నీడ ఉన్నప్పుడు మొగ్గ ఉండదు. గందుకే మొగ్గా కాదు, నీడ అంటం." మోదుగు ఆకు రాల్చాకే పూస్తుంది కదా. ఈ అర్థం ఆమె అప్పటికప్పుడు చెప్పిందే అయినా, మందుల చీటీ కన్నా నాకు ఇదే ఇష్టం.

జవాబు (అచ్చంపేట నుంచి):
అక్కా, మా పాలమూరుల అవ్వ (అమ్మ), నాయన బొంబాయి, పూనా పనులకు పోతే ముసలోళ్లే మమ్ముల సాదిండ్రు. ఆటకు కూసుంటే మా చెల్లె వరుసల రెండు జతల చెప్పులు పెట్టేది. "ఇవి అవ్వయి, ఇవి నాయనయి" అని. అమ్మమ్మ వాటిని గూడ తాక్కుంటనే పాడేది. "కడగా పెట్టు" చెప్పు మీద పడిందంటే పాట మల్ల మొదటికెల్లి ఎత్తుకునేది. చెప్పుల్ని పక్కకు వెట్టనిచ్చేది గాదు. గట్ల మేం ఎన్నడు గెలవలే, ఆఖరుకు మిగిలి వాళ్లే గెలుస్తుండె.

నా జవాబు:
అన్నా, చదివి కళ్లు తుడుచుకున్నాను. మీ అమ్మమ్మ "బసవన్న కోయి" తర్వాత ఏం పాడేదో గుర్తుంటే రాయండి. మిగతావాళ్లు కూడా ఊరి పేరుతో సహా మీరు పాడే తీరు పెట్టండి. మీ పిల్లలు సొంతంగా చేర్చిన పంక్తులుంటే అవి ముందు పెట్టండి.