ఓక్‌మాంట్ ఊరిలో చిక్కుకుపోయాను, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ‘ది సింకింగ్ సిటీ’ ఆడుతున్నాను. ఫ్రాగ్‌వేర్స్ రూపొందించగా 2019లో విడుదలైన డిటెక్టివ్ గేమ్ ఇది. 1920ల నాటి అమెరికాలో, మసాచుసెట్స్‌లో ఓక్‌మాంట్ అనే కల్పిత పట్టణం. సగం వీధులు నీళ్లలోనే ఉంటాయి. డిటెక్టివ్ చార్లెస్ రీడ్‌గా పడవ నడుపుతూ, కిటికీల దాకా మునిగిన ఇళ్ల మధ్య నుంచి వెళ్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నాకు బాగా నచ్చినదే ఇప్పుడు నన్ను ఆపేసింది. ఎక్కడికి వెళ్లాలో గేమ్ చూపించదు. చిరునామా చదివి, మ్యాపులో వీధుల పేర్లు వెతికి, గుర్తు మనమే పెట్టుకోవాలి. చిరునామా లేకపోతే పాత రికార్డులు తిరగేయాలి. నా దగ్గర ఒక మనిషి పేరు మాత్రమే ఉంది. పోలీస్ స్టేషన్‌లో, ఆసుపత్రిలో, పత్రికా కార్యాలయంలో మార్చి మార్చి వెతికాను. ఏమీ దొరకలేదు. ఏ ఆధారానికి ఏ కార్యాలయం సరిపోతుందో మీరు ఎలా పసిగడతారు? రికార్డుల్లో వెతికేటప్పుడు ముందు కాలాన్ని ఎంచుకోవాలా, ప్రాంతాన్నా?

ఇంకొకటి. రీడ్ మానసిక స్థితి క్షీణించినప్పుడు లేనివి కనిపిస్తాయి కదా, వాటి మీద తూటాలు వృథా చేస్తున్నానేమోనని భయం. ఆ ఊళ్లో డబ్బుకు బదులు చెల్లేవి తూటాలే! నిజమైన జీవిని, భ్రమను వేరు చేసే గుర్తు ఏదైనా ఉందా?

దయచేసి నేరస్థుడెవరో మాత్రం చెప్పకండి. అది నేనే కనుక్కోవాలి.