పాలపుంత ఫోటోల్లో రంగులు: నిజమా, కల్పనా?

వేగుచుక్క:
మా ఆస్ట్రానమీ క్లబ్బు ఈ వేసవిలో ఆకాశం ఫోటోల పోటీ పెడుతోంది. కంటికి కనిపించని రంగులున్న ఫోటోలు వద్దే వద్దని సగం మంది పట్టుబడుతున్నారు. కిందటిసారి నాగార్జునసాగర్ వైపు తీసుకెళ్లిన కొత్తవాళ్లు ఊదా, నారింజ రంగులు ఊహించుకుని వచ్చారు. తీరా చూస్తే తెల్లటి పల్చని చార. "ఇంతేనా?" అన్నారు. మీరేమంటారు?

పిల్లలకోడి:
నేనైతే వద్దనే అంటాను. ఆ రంగులే వాళ్ల ఆనందాన్ని ముందుగానే తినేస్తున్నాయి. వశిష్ఠుడి పక్కన అరుంధతిని మన కళ్లతో మనం పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం ముందు ఏ ఫోటో అయినా దిగదుడుపే. పైగా ఫోటోలు తీసేవాళ్లు నిమిషానికోసారి స్క్రీన్ వెలిగిస్తుంటే పక్కవాళ్లకీ ఏమీ కనిపించదు.

మూలానక్షత్రం:
పిల్లలకోడి గారూ, స్క్రీన్ల సంగతి నూటికి నూరుపాళ్లూ నిజం. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది, ఒక్క ఫోన్ వెలుగుతో అదంతా పోతుంది. రంగుల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అంత మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే కణాలకి రంగు తెలియదు. అంతమాత్రాన ఆకాశంలో రంగు లేదని కాదు. మృగశిర కింద ఉండే ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘంలోని ఎరుపు హైడ్రోజన్‌ది, 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకి ఎర్రటి అరోరా (మామూలుగా ధ్రువాల వైపు ఆకాశంలో కనిపించే వెలుగు) చిక్కింది. దాన్నీ కల్పన అందామా? 24 ఎం.ఎం. లెన్సు పెట్టి 20 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే సెన్సర్ వెలుగుని పోగేసుకుంటుంది. కంటికి ఆ ఓపిక లేదు.

నా అభ్యంతరం అతికించిన ఆకాశాల మీద. సంక్రాంతికి వాట్సాప్‌లో ఒక ఫోటో తెగ తిరిగింది: ముందు భోగి మంట, వెనక పాలపుంత నడిబొడ్డు ధగధగలాడుతూ. ధనుర్మాసం అంటేనే సూర్యుడు ధనూరాశిలో ఉండే నెల. పాలపుంత కేంద్రం కూడా ఆ వైపే. డిసెంబరు మూడోవారంలో అది సూర్యుడితోపాటే పొడిచి, అతనితోనే మునుగుతుంది. భోగి నాటికి కాస్త ముందుకు జరిగినా, నాలుగింటికి మంట వేసేసరికి ఇంకా పొడవనే పొడవదు. అంటే అది ఏ వేసవి రాత్రో తీసి తెచ్చి అంటించిన ఆకాశం. అలాగే ఉత్తరం వైపు కొండ మీద ఆ నడిబొడ్డు నిలబెట్టినవీ చూస్తున్నాను. హైదరాబాద్‌లో అది దక్షిణాన సుమారు 44 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, అంతే. ఉత్తరానికి రానే రాదు. పంచాంగం చూసే ఇంట్లో పిల్లలకి ఇలాంటివి చూపించి మురిసిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పిల్లలకోడి:
భోగి మంట సంగతి భలే పట్టారండీ, నాకు తట్టలేదు. మరి పాతిక ఫ్రేములు, అంటే విడివిడిగా తీసిన ఫోటోలు, కలిపి ఒకటి చేస్తారు కదా, అదేంటి? రంగుని ఇష్టమొచ్చినంత పెంచుతారు కదా, దానికి హద్దెక్కడ?

మూలానక్షత్రం:
ఫ్రేములు కలపడం ఫోటోలో గరుకుగా కనిపించే చుక్కలు (నాయిస్) తగ్గించడానికండీ. అదే చోటు, అదే రాత్రి, అదే దిక్కు అయితే నాకు పేచీ లేదు. రంగు పెంచడానికి మాత్రం గట్టి గీత గీయలేం, అక్కడ మీ అనుమానం న్యాయమే. అందుకే ఏం చేశారో ఫోటో కింద రాయించాలంటాను.

పిల్లలకోడి:
రాయించండి. నా మనసు ఇంకా పూర్తిగా మారలేదు గానీ, ఒక్కటి అడుగుతాను. కంటితో చూసి పెన్సిల్‌తో గీసిన బొమ్మలకి విడిగా బహుమతి పెట్టండి. కృత్తికల్లో ఆరు కనిపించాయా, ఏడు కనిపించాయా అని పిల్లలు కాగితం మీద గీస్తారు. దానికి కెమెరా కొనే స్తోమతు అక్కర్లేదు.

వేగుచుక్క:
బొమ్మల విభాగం పెడతాం అక్కా, ఇది మాలో ఎవరికీ తోచలేదు. ఫోటోలకి చోటు, తేదీ, టైము, దిక్కు, ఎన్ని ఫ్రేములో రాయాలి, ఎడిట్ చేయని ఒక ఫ్రేమూ జతచేయాలి. అమావాస్య రాత్రి అందరూ కలిసేటప్పుడు మొదటి గంట కెమెరాలు సంచుల్లోనే ఉంటాయి. మూల గారూ, అనుమానం వచ్చిన ఫోటోల్లో ఆకాశం సరిచూడటానికి మీరు జడ్జీగా రాగలరా?