కర్ల్‌కి ఒక్క ప్యాచ్ వేస్తే లిబ్రేఆఫీస్ ఎందుకు కంపైల్ అవుతోంది? (నిక్స్ ఓవర్‌లే)

ప్రశ్న:
నిక్స్ ప్యాకేజీ మేనేజర్ మీద నడిచే నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ వాడుతున్నాను. ప్రాక్సీ వెనకాల గిట్ క్లోన్ మధ్యలో తెగిపోతోంది. గిట్ డౌన్‌లోడ్‌లకు వాడే కర్ల్ లైబ్రరీలో దాన్ని సరిచేసే చిన్న ప్యాచ్ నా దగ్గర ఉంది. ఓవర్‌లేలో (ప్యాకేజీలను మనకు కావలసినట్టు మార్చుకునే నిక్స్ కోడ్) ఫైనల్.కర్ల్ మీద ఓవర్‌రైడ్‌అట్ర్స్ పెడితే ఇన్ఫినిట్ రికర్షన్ అంది. ప్రీవ్.కర్ల్ అని మార్చాక ఎర్రర్ పోయింది. కానీ ఇప్పుడు లిబ్రేఆఫీస్‌తో సహా ఏవేవో కంపైల్ అవుతున్నాయి. నేను ముట్టుకున్నది కర్ల్ ఒక్కటే కదండీ?

జవాబు 1:
ముందు ఆ రికర్షన్ సంగతి. ఫైనల్ అంటే ఓవర్‌లేలన్నీ కలిశాక తయారయ్యే ప్యాకేజీల సెట్. అందులోని కర్ల్‌ని మీరే నిర్వచిస్తూ మళ్ళీ దాన్నే అడిగితే ఎక్కడా ఆగదు. ప్రీవ్ అంటే మీ ఓవర్‌లేకి ముందున్న సెట్. మార్చబోయే ప్యాకేజీని ప్రీవ్ నుంచే తీసుకోవాలి.

ఇక కంపైల్ గొడవ. నిక్స్‌లో కట్టిన ప్యాకేజీ ఉండే చోటు (స్టోర్ పాత్) పేరులోని హాష్, అంటే గుర్తింపు కోడ్, మామూలుగా దాని ఇన్‌పుట్లన్నిటి నుంచీ వస్తుంది. కర్ల్ మారితే కర్ల్‌ని వాడే ప్రతిదాని హాష్ మారుతుంది, ఆ హాష్‌తో బైనరీ క్యాష్‌లో (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీల సర్వర్) ఏమీ దొరకదు, కాబట్టి మీ మెషీనే కట్టుకోవాలి. ఇది లోపం కాదు, నిక్స్‌ని నమ్మగలుగుతున్నది ఇందువల్లే.

మీకు కావలసింది గిట్ ఒక్కదానికే కొత్త కర్ల్. అందుకని కర్ల్ అన్న పేరు జోలికి వెళ్ళకండి. ఓవర్‌లేలో కర్ల్_ప్యాచ్డ్ అని కొత్త పేరు పెట్టి, ప్రీవ్.కర్ల్ మీద ఓవర్‌రైడ్‌అట్ర్స్‌తో ప్యాచ్ చేర్చండి. తర్వాత గిట్_ప్రాక్సీ అని ఇంకో పేరు పెట్టి, ప్రీవ్.గిట్.ఓవర్‌రైడ్‌కి కర్ల్ = ఫైనల్.కర్ల్_ప్యాచ్డ్ అని ఇవ్వండి. సిస్టమ్ ప్యాకేజీల్లో గిట్ బదులు గిట్_ప్రాక్సీ పెట్టుకుంటే సరి.

ఇక్కడ ఓవర్‌రైడ్, ఓవర్‌రైడ్‌అట్ర్స్ రెండూ వాడాం, గమనించారా? ప్యాకేజీ ఫైల్ ఒక ఫంక్షన్. ఓవర్‌రైడ్ ఆ ఫంక్షన్‌కి వెళ్ళే ఆర్గ్యుమెంట్లను మారుస్తుంది: ఏ లైబ్రరీ, ఏ ఆప్షన్ అన్నవి. ఓవర్‌రైడ్‌అట్ర్స్ లోపల బిల్డ్‌ని నిర్వచించే ఎమ్‌కే‌డెరివేషన్‌కి వెళ్ళేవాటిని మారుస్తుంది: సోర్స్, ప్యాచ్‌లు, బిల్డ్ ఫ్లాగ్‌లు. ఏదైనా మార్చేముందు ఆ ప్యాకేజీ ఫైల్ తెరిచి పైనున్న ఆర్గ్యుమెంట్లు చదవండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

ప్యాచ్‌ల జాబితాని నేరుగా రాసేయకండి, నిక్స్‌ప్యాకేజెస్ (నిక్స్ ప్యాకేజీల సేకరణ) వాళ్ళు పెట్టిన ప్యాచ్‌లు ఎగిరిపోతాయి. పాత జాబితాకి, అంటే (ఓల్డ్.ప్యాచెస్ ఆర్ [ ]) కి, మీది కలపండి.

జవాబు 2:
పైన చెప్పిందే సరైన దారి. గిట్ రిపోలో ఫ్లేక్ (కాన్ఫిగరేషన్‌ని, దాని ఇన్‌పుట్ల వెర్షన్లని కలిపి ఉంచే నిక్స్ పద్ధతి) వాడుతుంటే ఒక మాట: ప్యాచ్ ఫైల్‌ని గిట్ యాడ్ చేయకపోతే ఫ్లేక్‌కి అది కనబడదు, ఫైల్ లేదనే అంటుంది. హోమ్ డైరెక్టరీలోని ఓవర్‌లేస్ ఫోల్డర్‌ని కూడా ఫ్లేక్ చదవదు. ఓవర్‌లేని కాన్ఫిగరేషన్‌లోని నిక్స్‌ప్యాకేజెస్.ఓవర్‌లేస్‌లోనే పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను. డ్రై-రన్‌లో (నిజంగా కట్టకుండా ఏమేం కట్టాలో చూపించేది) ఇప్పుడు కర్ల్, గిట్, సిస్టమ్ తాలూకు చిన్నచిన్నవే చూపిస్తోంది. లిబ్రేఆఫీస్ లేదు! ప్యాచ్ నిజంగా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
నిక్స్ లాగ్‌లో కర్ల్_ప్యాచ్డ్ బిల్డ్ చూడండి. "అప్లయింగ్ ప్యాచ్" అన్న లైన్ పక్కన మీ ఫైల్ పేరుండాలి. అది ఉండీ క్లోన్ తెగుతుంటే ప్యాచ్‌నే అనుమానించాలి, ఆ లాగ్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.