దుకాణంలో చూసి ఫోన్‌లో కొనడం న్యాయమేనా?

లాసన్స్ బే కాలనీ నివాసి:
సభ్యులందరికీ నమస్కారం. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఫ్లాట్‌కు ఒకటిన్నర టన్నుల ఏసీ కొనాలని డాబాగార్డెన్స్‌లోని ఒక దుకాణానికి వెళ్లాము. అక్కడి సేల్స్ కుర్రవాడు మా ఇల్లు ఎక్కడ, గదికి ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, బయటి యూనిట్ ఎక్కడ పెడతారు అని అడిగి, ఉప్పు గాలి కాయిల్‌ను త్వరగా తినేస్తుంది కనుక రాగి కాయిల్ మీద తుప్పును ఆపే పూత ఉన్నదే తీసుకోమని దాదాపు గంటసేపు ఓపికగా వివరించాడు. ఇంటికి వచ్చాక మా అబ్బాయి అదే ఏసీని ఫోన్‌లో మూడు వేలు తక్కువకు చూపించాడు. ఎక్కడ తక్కువైతే అక్కడ కొనడం మన హక్కు అని వాడి వాదన. సలహా ఒకరి దగ్గర తీసుకుని డబ్బు మరొకరికి ఇవ్వడం నాకు న్యాయంగా తోచడం లేదు. మీ అభిప్రాయం తెలపగలరు.

సీతమ్మధార గృహిణి:
మీ మంచితనం అర్థమవుతోంది గానీ, మీ మాటతో ఏకీభవించలేను. పూర్ణా మార్కెట్‌లో నాలుగు కొట్లలో ధర అడిగి ఐదో కొట్లో కందిపప్పు కొన్నవారిని ఎవరూ తప్పుపట్టరు. నెల జీతం మీద నడిచే ఇంటికి మూడు వేలంటే పాలవాడి బాకీ తీరే మొత్తం. ఫోన్‌లో కొంటే అడిగే దిక్కుండదన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్ అమ్మకపు సంస్థకే ఫిర్యాదు చేస్తే, అది అందినట్టు ఆ సంస్థ 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

డాబాగార్డెన్స్ వ్యాపారి:
అమ్మా, పప్పు ధర చెప్పడానికి నిమిషం చాలు. ఏసీ సంగతి వేరు. పదిమందికి వివరించి ఇద్దరికే అమ్మితే, మిగతా ఎనిమిది మందికి పట్టిన సమయం ఖర్చు కూడా ఆ ఇద్దరి బిల్లులోనే చేరుతుంది. అలా ధర పెంచలేని రోజున, విషయం తెలిసిన కుర్రవాడిని మాన్పించి, ధర చీటీ చదివి వినిపించేవాడిని పెట్టుకోవలసి వస్తుంది. అప్పుడు ఉప్పు గాలి గురించి మీకు చెప్పేవారెవరు?

మద్దిలపాలెం పాఠకుడు:
వ్యాపారి గారి ఆవేదన నిజమే. అయితే దుకాణాల్లో నిలబడి వివరించేవారిలో చాలామంది కంపెనీలు జీతమిచ్చి పెట్టుకున్న ప్రమోటర్లు, తమ బ్రాండునే ముందుకు తోస్తారు. మా బంధువులకు ఒకచోట అలాగే అవసరానికి మించిన పెద్ద ఫ్రిజ్ అంటగట్టారు. కాబట్టి విన్న ప్రతి సలహాకూ మనం రుణపడనక్కరలేదు. ఇక్కడ ఆ కుర్రవాడు ఇంటి పరిస్థితి అడిగి తెలుసుకున్నాకే సలహా ఇచ్చాడు. అటువంటి శ్రమకు ఎంతో కొంత చెల్లించాలనే నేను గట్టిగా నమ్ముతాను.

కానీ మూడు వేల తేడా అసలు ఉన్నదా అన్నది ముందు తేలాలి. మోడల్ నంబరును చివరి అక్షరం వరకు పోల్చండి, ఒక్క అక్షరం మారినా లోపలి సరుకు మారవచ్చు. బయటి యూనిట్ స్టాండు, అదనపు రాగి పైపు, బిగింపు కూలి ఏ ధరలో కలిశాయో అడగండి. స్టార్ లేబుల్ మీద నక్షత్రాలతో పాటు అది ఏ సంవత్సరాలకు వర్తిస్తుందో చూడండి. ప్రమాణాలు కాలక్రమంలో కఠినమవుతాయి కనుక పాత లేబుల్ ఐదు నక్షత్రాలు కొత్త ఐదుకు సమానం కావు. లేబుల్‌పై ఉండే ఏడాది యూనిట్ల లెక్క 1600 గంటల వాడకానికి వేసినది. మన ఊరి ఉక్కపోతలో రాత్రంతా ఏసీ నడిపే ఇళ్లకు ఆ గంటలు చాలవు, కాబట్టి కరెంటు బిల్లులో వచ్చే తేడా కొన్నప్పటి తేడాను మించిపోవచ్చు. వడ్డీ లేని వాయిదాలన్న ప్రకటన ఎక్కడ కనిపించినా ప్రాసెసింగ్ రుసుమును, వదులుకున్న తగ్గింపును కలిపి లెక్కించండి. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. "రెండే మిగిలాయి" అని ఫోన్ తొందరపెడితే ఆగండి. అటువంటి బూటకపు తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో చేర్చారు.

ఇవన్నీ కలిపిన మొత్తాన్ని దుకాణంలో చూపించి, ఎంతవరకు తగ్గించగలరో కాగితం మీద రాసివ్వమని అడగండి. వేయి రూపాయల లోపు తేడా ఉంటే అక్కడే కొనడం ధర్మమని నా అభిప్రాయం.

సీతమ్మధార గృహిణి:
అడిగి చూడడం వరకు ఒప్పుకుంటాను. ఆ వేయి కూడా భారమయ్యే ఇళ్లున్నాయి, వారిని మాత్రం ధర్మం తప్పినవారిగా చూడవద్దు.

లాసన్స్ బే కాలనీ నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం దుకాణానికి వెళ్లి మాట్లాడాము. స్టాండు, బిగింపు కలిపి రాసిచ్చారు. ఫోన్ ధరకు అవే ఖర్చులు కలిపితే తేడా ఎనిమిది వందలకు దిగింది. అక్కడే కొంటున్నాము, మా అబ్బాయి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అదనపు రాగి పైపుకు మీటరు లెక్కన విడిగా వసూలు చేస్తామన్నారు. మన నగరంలో ప్రస్తుతం ఎంత తీసుకుంటున్నారో వ్యాపారి గారు చెప్పగలరా?