‘ఒర్రుడు’ మోటుమాటా, పాత తెలుగు మాటా?

దేవరకొండ పాఠకురాలు:
దూడ కనబడక బర్రె అరిస్తే మా నల్లగొండ వైపు ‘బర్రె ఒర్రుతున్నది’ అంటాము. మా అమ్మాయి వ్యాసంలో ఇలాగే రాస్తే, ఉపాధ్యాయుడు కొట్టివేసి ‘అరుస్తున్నది’ అని దిద్దారు. ఇది రాయకూడని మాటా?

పాలమూరు పాఠకుడు:
దిద్దడం సబబేనమ్మా. కాకి ‘కావు’ లాగా ఇదీ గొడ్డు గొంతును అనుకరించిన మాటే కనుక దానికి వంశం వెతకనక్కరలేదు. ఎద్దుకు రంకె, గుర్రానికి సకిలింపు, గాడిదకు ఓండ్ర, నక్కకు ఊళ ఉండగా ఈ మోటుమాట ఎందుకు?

నాగర్‌కర్నూల్ పాఠకుడు:
అయ్యా, అనుకరణ అన్న మాట నిలవదు. కట్టుకొయ్య దగ్గర నిలబడి వినండి: బర్రె ముక్కులోంచి సాగదీసే ఆ అరుపులో ‘ర’ ఎక్కడా లేదు. ఆవుకు మనం చెప్పే ‘అంబా’ అనుకరణ, ఇది కాదు. బిగ్గరగా ఏడ్చు, బాధతో మొరపెట్టు అనే అర్థంలో బండి ‘ఱ’తో ‘ఒఱలు’ అనే క్రియ పాత తెలుగులో ఉన్నది. పొరలు ‘పొర్లు’ అయినట్టు, దొరలు ‘దొర్లు’ అయినట్టు, మన దగ్గర మరలు ‘మర్లు’ అయినట్టు, నడిమి అచ్చు జారిపోయి ఒఱలు ‘ఒర్లు’ అయింది. మా ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఒర్లుడు’ అనే అంటారు. ఆ ‘ల’ కూడా పక్కనున్న ‘ర’లో కలిసిపోతే మీ ‘ఒర్రుడు’. అర్థం కూడా చెదరలేదు. ఎద్దు కొమ్ములు విసురుతూ రంకె వేస్తే మా ఇంట్లో ‘ఒర్రింది’ అనరు. రంకె పొగరుది, ఒర్లుడు బాధది. ‘అరుస్తున్నది’ అని దిద్దినప్పుడు పోయింది ఆ బాధే.

పాలమూరు పాఠకుడు:
‘ఒర్లు’ దాకా ఒప్పుకుంటాను. కానీ అల్లరి చేసే పిల్లవాడిని ‘ఎందుకొర్రుతున్నవ్’ అని గద్దించేటప్పుడు అందులో బాధ ఎక్కడున్నది?

నాగర్‌కర్నూల్ పాఠకుడు:
‘ఎందుకు ఏడుస్తున్నవ్’ అని కూడా అలాగే గద్దిస్తాము కదా. ఏడుపు మాటలన్నీ విసుగులో తిట్లవుతాయి. అంతమాత్రాన ‘ఏడుపు’ను ఎవరూ కొట్టివేయరు.

దేవరకొండ పాఠకురాలు:
ఇప్పుడు ఒకటి జ్ఞాపకం వస్తున్నది. దూడ చచ్చిపోయిన మూడో నాడు, పాలు పిండడానికి కూర్చొని, మా నాయనమ్మ బర్రె మెడ నిమురుతూ అన్నది: “దీని ఒర్లుడు ఇయ్యాల జర తగ్గింది.” ఆమె ‘ల’తోనే అన్నది.