రెఫ్యూజ్ చాంబర్ గాలి పరీక్ష: గేజ్ చూసి సంతకం పెడితే చాలా?

గనిదీపం:
గనిలో ప్రమాదం జరిగితే తలదాచుకునే గది, 12 మందికి, 36 గంటలకు అని రాసి ఉన్న చాంబర్. తనిఖీలో సిలిండర్ గేజ్, తలుపు సీలు, ఫ్యాన్ తిరుగుతోందా అన్నవే చూస్తున్నారు. నిజంగా 36 గంటలూ నిలుస్తుందని తేల్చేదెలా?

సోడాలైమ్_77:
ముందు లెక్క వేయండి. మనిషికి నిమిషానికి అర లీటరు ఆక్సిజన్ చొప్పున 12,960 లీటర్లు కావాలి. 50 లీటర్ల సిలిండర్ 150 బార్‌లో 7,500 లీటర్లు ఇస్తుంది. రెండుంటే సరిపోతాయి గానీ, ఒకటి 100 బార్‌కి దిగితే చాలవు.

అయినా ముందు ముంచుకొచ్చేది కార్బన్ డయాక్సైడ్. మనిషి నిమిషానికి 0.4 లీటర్లు వదులుతాడు. లోపల 20 ఘనమీటర్ల గాలి ఉంటే, స్క్రబ్బర్ (ఆ వాయువుని గాలిలోంచి పీల్చేసే పరికరం) ఆగిన 40 నిమిషాలకే 1 శాతానికి చేరుతుంది. ఆక్సిజన్ 18.5 శాతానికి పడిపోవడానికి 80 నిమిషాలు పడుతుంది. అందుకే అసలు పరీక్ష స్క్రబ్బర్‌కే పెట్టాలి.

వెంటిలేషన్ మేస్త్రి:
మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించొద్దు. ఖాళీ చాంబర్‌లోకి సిలిండర్ నుంచి 12 మంది వదిలేంత, అంటే నిమిషానికి 4.8 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదలండి, రీడింగులు బయటినుంచే తీసుకోండి. మీటరు ఒక్కటి చాలదు. ఫ్యాన్‌కి దూరంగా ఉన్న మూలల్లో, కూర్చున్న మనిషి ముక్కు ఎత్తులో పెట్టండి. ఆ సేపు ఆక్సిజన్ కట్టేయండి. పీల్చేవాళ్లు లేరు కాబట్టి అది 23 శాతం దాటితే నిప్పు ప్రమాదం. దాని ఫ్లో విడిగా కొలవండి.

ఎక్కువమంది పొరబడేది రోటామీటర్ (వాయువు ఫ్లో చూపే గొట్టం) దగ్గర. గాలికి గీసిన స్కేలు మీద 4.8 చూపిస్తే నిజంగా వెళ్లే కార్బన్ డయాక్సైడ్ 3.9 లీటర్లే. సగటున ఇద్దరు మనుషుల్ని లెక్కలోంచి తీసేసినట్టు. ఇలా పాసైన చాంబర్‌ని నమ్మకండి, దయచేసి.

గనిదీపం:
స్క్రబ్బర్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే సోడాలైమ్ గుళికలు ఊదా రంగులోకి మారితేనే మార్చాలా అండీ?

సోడాలైమ్_77:
రంగుని నమ్మొద్దండీ. వాడేసిన గుళికలు కాసేపు ఊరుకుంటే మళ్లీ తెల్లబడతాయి, చూసేవాళ్లకి కొత్తవిలా కనిపిస్తాయి. సంచి సీలు ఊడి తేమ ఆరిపోయినవైతే తెల్లగానే ఉంటాయి గానీ వాయువుని పట్టుకోవు. కిలో 120 లీటర్లు పీలుస్తుందనుకున్నా 36 గంటలకు 86 కిలోల పైనే కావాలి. పరీక్షకు వాడినదాన్ని మళ్లీ స్టాకులో కలపకండి. డబ్బాలో పోసేటప్పుడు తట్టి సర్దండి, గుళికల మధ్య సందుంటే గాలి అక్కడినుంచే జారిపోతుంది.

వెంటిలేషన్ మేస్త్రి:
బ్యాటరీ సంగతి మర్చిపోవద్దు. మెయిన్స్ కరెంటు తీసేసి పది నిమిషాలు ఫ్యాన్ తిప్పితే ఏమీ తేలదు, 36 గంటలూ తిప్పాలి. కంప్రెసర్ నుంచి గాలి తెచ్చే కంప్రెస్డ్ ఎయిర్ లైనులో ముందు వాటర్ ట్రాప్‌లో చేరిన నీళ్లు తీయండి, తర్వాత చాంబర్‌లోకి వచ్చే గాలిలోనే కార్బన్ మోనాక్సైడ్ కొలవండి. కంప్రెసర్ నూనె కాలితే అది లైనులోంచే లోపలికొస్తుంది. తలుపు రబ్బరు చుట్టూ సబ్బునీళ్లు పూసి, లోపల పీడనం పెంచి బుడగలు చూడండి. ఆక్సిజన్ ఫిట్టింగులకి మాత్రం గ్రీజు చేతులు తగలనివ్వొద్దు.

పరీక్షయ్యాక తలుపు తీసి, గాలి ఆడించి, చేతి మీటరు నేల దగ్గర కూడా పెట్టి చూశాకే లోపల అడుగు పెట్టండి.