సమస్యాపూరణం: కత్తిరించ జడకుఁ గలిగెఁ బొడవు

నిర్వాహకుడు (హన్మకొండ):
సద్దుల బతుకమ్మకు ముందు మా ఇంటామె జడ కొసలు కాస్త కత్తిరించుకొని, "ఇగ సూడు, ఎట్ల పెరుగుతదో" అన్నది. ఈ వారం సమస్య అక్కడే పుట్టింది. ఇది ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడు మీవి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరం, అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. అరసున్న మరిచిపోతే ఏమనను, యతి తప్పితే మాత్రం ఊరుకోను.

కాజీపేట అక్క:
చివరి చీలికలనుఁ జెలి తీసివేయఁగాఁ
బైకిఁ బాకకుండఁ బగులు నిలిచె
వేరు పెంచుచుండె వెంట్రుక నిత్యము
కత్తిరించ జడకుఁ గలిగెఁ బొడవు

ఎంటిక మొదట్ల పెరుగుతది గని కొసకు కాదు సారు. కత్తెర పెట్టిన ముచ్చట కుదుళ్ళకు తెల్వనే తెల్వది. నెలకు అరంగుళం, ఏడాదికి ఆరంగుళాలు, అటూ ఇటుగ అంతే. మరి కత్తిరిస్తే పొడుగెట్లొచ్చే అంటే, కొస చీలితే ఆ చీలిక పైకి పాకి నడిమిట్ల తెగుతది. పైన పెరిగిందంత కింద పోతది. నేను మూడేళ్ళు కత్తెర ముట్టనని ఒట్టు పెట్టుకున్న. జడ భుజాలు దాటలే. ఇప్పుడు మూడు నెలలకోసారి అరంగుళం తీస్తున్న, అంగుళం మిగులుతున్నది. లెక్క చూస్కోండి.

నిర్వాహకుడు:
లెక్క కుదిరింది, పద్యమూ కుదిరింది. మూడో పాదమే ఈ పూరణకు ప్రాణం. అది లేకుంటే కత్తెరే జుట్టును పెంచిందన్న పాత భ్రమ అట్లనే నిలబడేది. వెంట్రుకకు "పగులు" అనడం కూడా బాగుంది, ఎండిన చెరువు మట్టి కళ్ళ ముందుకొచ్చింది. కానీ అక్కయ్యా, ఆ "చెలి" ఎవరు? యతి కోసం పిలవగా వచ్చిన చుట్టంలా ఉంది.

వేములవాడ సారు:
సమస్యలో ఎవరి జడో చెప్పలేదు గదా! ఆ సందులోంచి దూరిన.

మొక్కు చెల్లఁ గురులు ముడుపుగా నిచ్చిరి
వేలమందుఁ జేరె విపణి కవియు
సవర మగుచు నేఁడు సఖి శిరంబున నిల్చె;
కత్తిరించ జడకుఁ గలిగెఁ బొడవు

మా రాజన్న గుడి కాడ పొద్దున్నుంచి నున్నటి గుండ్లు చూసే కండ్లకు ఇంకేం తడుతది? తిరుమలల భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తది, అండ్ల పొడుగు ఎంటికలకే గిరాకీ. కత్తిరించింది ఒకరి నెత్తి, పెరిగింది ఇంకొకరి జడ.

నిర్వాహకుడు:
ఇదీ పూరణంటే! వైరుధ్యాన్ని విప్పనక్కర లేకుండా ఇద్దరు మనుషుల మధ్య పంచేశారు. రెండో పాదం చివర "అవియు"లో ఆ "యు"కు పని లేదు, గణం నింపడానికి కూర్చుంది. "వేలమందుఁ బోయె విపణి దాఁక" అంటే నడక కూడా సాగుతుంది. అక్కయ్య పద్యంలో చెలి, మీ పద్యంలో సఖి. ఈ వారం అందరికీ స్నేహితురాళ్ళే.

కాజీపేట అక్క:
సవరమంటే యాదికొచ్చింది. మా అవ్వ దువ్వెనకొచ్చిన ఎంటికలను ఉండ చుట్టి గోడ సందుల దాచేది. కొన్నిటితోటి సవరం అల్లించుకున్నది, మిగిలినయి ఇచ్చి పిన్నీసులు తీసుకునేది. రోజుకు యాభై నుంచి వంద ఎంటికలు రాలుడు మామూలేనట. ఆమెకు ఆ లెక్క తెల్వకున్నా ఎన్నడు బెదురలే. నేనైతే దువ్వెన చూసి ఏడ్చేదాన్ని.

నిర్వాహకుడు:
ఇంకొకరు "కత్తి", "రించ" అని విరిచి పంపారు. "రించ"కు అర్థం ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. పక్కన పెట్టాను.

పాలకుర్తి తమ్ముడు:
సారు, నేను మొగోన్నే గని రెండేండ్ల సంది ఎంటికలు పెంచుతున్న. మెడ మీదికొచ్చినప్పుడు ముడికి అందయి, మొఖం మీద ఆగయి. ఆ నాలుగు నెలలు దాటుడే కష్టం. మా తాతైతే "ఏ దేవునికి మొక్కినవ్ రా, రాజన్నకా, కొంరెల్లి మల్లన్నకా?" అని రోజూ అడుగుతడు. నా పూరణ:

దినము దినముఁ గొలుచు తీరని యాత్రము
గంటగంట కద్దమెదుటఁ గొలువు
వేడి కడ్డి నొత్తు వెర్రిముచ్చటలునుఁ
గత్తిరించ జడకుఁ గలిగెఁ బొడవు

నిర్వాహకుడు:
తమ్ముడూ, పోతన బమ్మెర మీ మండలంలోనే ఉంది, యతి తప్పితే ఎట్లా? రెండో పాదంలో "గం"కు "మె"తో మైత్రి లేదు. అది సరిచేస్తే ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే. అందరూ వెంట్రుకను కత్తిరిస్తే నువ్వు రోజూ టేపు పట్టి కొలిచే ఆత్రాన్ని కత్తిరించావు. "ముచ్చటలునుఁ" చివరి ద్రుతం (న-కారం) వల్ల "కత్తి" కాస్తా "గత్తి" అయింది. అయినా గలిగెతో యతి చెడలేదు.

పాలకుర్తి తమ్ముడు:
రాత్రంత కూసున్న సారు. ఇట్లయితే?

నద్దమెదుటఁ గొలువు నరగడియకు

నిర్వాహకుడు:
నిలబడింది! గంట కంటే అరగడియే బాగుంది. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు, అందులో సగం. పన్నెండు నిమిషాలకోసారి అద్దం చూసేవాడి అవస్థ పూర్తిగా దొరికింది.

వేములవాడ సారు:
"వేడి కడ్డి" అంటే మా బిడ్డ ఎంటికలు సాపు చేసుకునే మిషనేనా? నేను కాల్చిన ఇనుప కడ్డీ అనుకొని భయపడ్డ.

పాలకుర్తి తమ్ముడు:
అదే సారు. పెండ్లిళ్ళ సీజన్ల వారానికి మూడుసార్లు పెట్టిన, కొసలు చీపురు పుల్లలయినయి. అది బంజేసిన. తడి నెత్తి దువ్వుడు కూడ బంజేసిన, తడిసిన ఎంటిక సాగి తెగుతది. ఇప్పుడు ఆరినంక కొబ్బరినూనె రెండు చుక్కలు రాసి, కింది నుంచి మీదికి చిక్కు తీస్తున్న.

కాజీపేట అక్క:
తమ్మీ, నడుము దాకా పెంచుతవా? ఆడిదాక దిగాల్నంటే కొసకున్న ఎంటిక ఐదేండ్ల కింద మొలిచిందయి ఉండాలె. ఎంటికకు పెరిగే కాలమే రెండు నుంచి ఏడేండ్లు, అది పుట్టుకతోటి వచ్చేది. నడిమిట్ల గట్టి జరమొస్తే రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగ రాలుతయి, అప్పుడు మల్ల టేపు పట్టకు. ఇంతకు ఆ టేపు ఏడున్నది?

పాలకుర్తి తమ్ముడు:
మా చెల్లె జాకెట్లు కుట్టనీకి తీస్కపోయిందక్కా. నేనే ఇచ్చిన.